ఇన్‌స్పెక్టర్ రాని ఇల్లు

ఊరికి దూరంగా, తోటలో ఇల్లు కట్టుకున్నారనుకోండి. అక్కడిదాకా స్తంభాలు వేయించాలంటే ఎస్టిమేటు గుండె ఝల్లుమనేలా వచ్చింది. సరే, సోలార్ పెట్టించుకుందాం అనుకున్నారు. పైన ప్యానెళ్లు, కింద బ్యాటరీలు, గోడకి ఇన్వర్టరు. పూర్తిగా ఆఫ్‌గ్రిడ్. కరెంటు సరఫరా చేసే డిస్కంకి దరఖాస్తు లేదు, మీటరు లేదు, నెలనెలా బిల్లు లేదు. ఎలా బిగించారో చూడటానికి ఎవరూ రారు. ఏ కాగితం మీదా ఎవరి సంతకమూ పడదు.

మీ వ్యక్తిత్వానికి అసలు పరీక్ష సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

గ్రిడ్‌కి కలిపే సోలార్ సంగతి వేరు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. ఆ డబ్బు చేతికి రావాలంటే సరైన ప్యానెళ్లు ఉండాలి, డిస్కం వాళ్లు వచ్చి చూడాలి, నెట్ మీటరు పెట్టాలి. రాయితీ కోసమైనా అన్నీ పద్ధతిగా చేయిస్తాం. ఆఫ్‌గ్రిడ్ ఇంటికి ఆ పథకం వర్తించదు. తప్పు చేస్తే ఆపేవాళ్లు లేరు, ఒప్పు చేస్తే మెచ్చుకుని డబ్బులిచ్చేవాళ్లూ లేరు. ఆశా భయమూ రెండూ లేనప్పుడు కూడా పని సరిగ్గా చేయించుకునే మనిషిని నేను నిజంగా ఎదిగిన మనిషి అంటాను.

నియమాలు లేవని మాత్రం అనుకోవద్దు. జాతీయ విద్యుత్ కోడ్ 1985లోనే వచ్చింది. 2011లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని సవరించినప్పుడు 8వ భాగాన్ని సోలార్‌కి కేటాయించింది. 2023లో మళ్లీ సవరించింది. ఇంటి వైరింగుకి ఐఎస్ 732 ఉంది, ఎర్తింగుకి ఐఎస్ 3043 ఉంది. ఈ రెండూ ఆ సంస్థ వెబ్‌సైట్లో ఉచితంగానే దొరుకుతాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో ఇచ్చిన భద్రతా నిబంధనలు ఉన్నాయి. కరెంటు పని లైసెన్సున్న కాంట్రాక్టరు బాధ్యత మీద, పర్మిట్ ఉన్న మనిషి చేతుల మీదుగా జరగాలన్న పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. ఇవన్నీ ఎవరో ఏసీ గదిలో కూర్చుని తోచింది రాసినవి కావు. ఎక్కడో ఇల్లు కాలింది, ఎక్కడో మనిషి పోయాడు, ఎందుకు పోయాడని ఇంజనీర్లు తవ్వి చూశారు. అలా పుట్టిన వాక్యాలు ఇవి. అంత ఖరీదు పెట్టి ఇతరులు నేర్చుకున్న పాఠం మీకు ఉట్టినే దొరుకుతోంది. చదవండి. మొత్తం అర్థం కాకపోయినా ఫరవాలేదు, మీ ఎలక్ట్రీషియన్ని ఏం అడగాలో తెలిస్తే చాలు.

అడగాల్సిన మొదటి ప్రశ్న డీసీ గురించి. "సోలారే కదన్నా, దాన్లో షాకేముంటుంది" అన్న మాట బజార్లో బాగా చెలామణీలో ఉంది. ఆ మాట నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకోకండి. మన ఇళ్లలోకి వచ్చే ఏసీ కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగులాటలో సెకనుకి 100 సార్లు సున్నాని దాటుతుంది. స్విచ్చి కట్టినప్పుడు లోపల పుట్టే నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. ప్యానెల్ నుంచి వచ్చే డీసీకి ఆ సున్నా లేదు. ఒకసారి ఆర్క్ పట్టుకుంటే రాగి కరిగేదాకా వెలుగుతూనే ఉంటుంది. పైగా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌ని ఆఫ్ చేసే స్విచ్చి లోకంలో లేదు. ఇన్వర్టరు కట్టేసినా ప్యానెల్ దగ్గరి వైరులో వోల్టేజీ అలాగే ఉంటుంది.

అందుకే డీసీ వైపు పెట్టే ఎంసీబీ, డీసీ కోసమే చేసింది అయ్యుండాలి. పెట్టె మూసేముందు ఆ ఎంసీబీని చేతిలోకి తీసుకుని ఒక్కసారి చూడండి. మామూలు ఇంటి ఎంసీబీ మీద 230 లేదా 400 వోల్టుల అంకె, పక్కన చిన్న అల గుర్తు ఉంటాయి. అల అంటే ఏసీ. డీసీ ఎంసీబీ మీద అలకి బదులు అడ్డగీత, దాని కింద తెగిన గీతలు ఉంటాయి, ఎన్ని డీసీ వోల్టుల దాకా తెంచగలదో రాసి ఉంటుంది. కొన్నిటికి స్క్రూల పక్కన ప్లస్, మైనస్ గుర్తులు కూడా ఉంటాయి. అవి ఉన్నవాటిని తిరగేసి బిగిస్తే అవసరమైన రోజున అది తెంచదు, తనే తగలబడుతుంది. ఇంత చూడటానికి అర నిమిషం చాలు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే పట్టీ మీద కూర్చుంటాయి, ధరలో తేడా ఉంటుంది. ఆ తేడా మిగుల్చుకోవడం పొదుపు కాదు, కక్కుర్తి.

ఇక మనలో చాలామందికి ఉన్న పెద్ద జబ్బు దగ్గరికి వస్తాను. మొహమాటం. వైరింగు చేసేది బావమరిది స్నేహితుడు. లేదా పక్క ఊరి కుర్రాడు, మనవాడే, నాలుగు రూపాయలు తక్కువకి చేస్తానన్నాడు. "తమ్ముడూ, ఇది డీసీ ఎంసీబీయేనా?" అని అడగాలనిపిస్తుంది. అడిగితే ఏమనుకుంటాడో! నా పని మీద నమ్మకం లేదా అని చిన్నబుచ్చుకుంటాడేమో! నోరు తెరిచి అడిగితే "ఏం కాదన్నా, ఎన్ని ఇళ్లకు వేశాం" అంటాడు. మనం నవ్వి ఊరుకుంటాం. ఆ నవ్వు దగ్గరే ప్రమాదం లోపలికి వస్తుంది.

మొహమాటానికి మందు కోపం కాదు. ముందుగా రాసుకున్న కాగితం. పని మొదలెట్టకముందే, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, ఏమేం పెట్టాలో ఒక కాగితం మీద రాసి అతని చేతికివ్వండి. ప్యానెల్‌కి ఐఎస్ 14286, ఇన్వర్టరుకి ఐఎస్ 16221 గుర్తింపు ఉండాలి. ప్యానెళ్ల నుంచి కిందికి దిగేది ఇంటి పీవీసీ వైరు కాదు, ఐఎస్ 17293 రాసున్న సోలార్ డీసీ కేబులు అయ్యుండాలి. డీసీ ఎంసీబీ, బ్యాటరీ ఫ్యూజు, పిడుగుల కాలానికి సర్జ్ ప్రొటెక్టరు, ఎర్త్ గుంట, అన్నీ రాయండి. "తమ్ముడూ, ఇవన్నీ ఉన్నాయని చూపిస్తే మిగతా డబ్బు ఇస్తాను" అని నవ్వుతూనే చెప్పండి. అప్పుడు అడుగుతున్నది మీరు కాదు, కాగితం. పని తెలిసినవాడు ఆ కాగితం చూసి నొచ్చుకోడు, ఈ ఇంట్లో విలువ తెలిసిన మనిషి ఉన్నాడని ఇంకాస్త శ్రద్ధ పెడతాడు. చిరాకుపడ్డాడా, మీకు ముందే తెలిసిపోయింది, ఇంకొకర్ని చూసుకోండి.

రెండో సంగతి, మనతో మనం నిజం చెప్పుకోవడం. సోలార్ దుకాణానికి వెళ్లి "ఇంటికి సరిపడా ఒకటి ఇవ్వండి" అనేవాళ్లున్నారు. ఇంటికి ఎంత సరిపోతుందో దుకాణాయనకి ఎలా తెలుస్తుంది? పెన్ను పట్టుకోండి. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు, రోజుకి 12 గంటలు తిరిగితే 1440 వాట్ అవర్లు. 9 వాట్ల బల్బులు ఎనిమిది, 5 గంటలకి 360. ఫ్రిజ్ సుమారు 1200. టీవీ 80 వాట్లు, 4 గంటలకి 320. మొత్తం 3320, అంటే దాదాపు 3.3 యూనిట్లు. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. బ్యాటరీలోకి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కొంత తరుగుతుంది, శ్రావణ భాద్రపదాల్లో మబ్బులుంటాయి. కాబట్టి కిలోవాట్‌తో సర్దుకుందామంటే కుదరదు, ఒకటిన్నర దాకా వెళ్లాలి. ఆ పైన ఒక హెచ్‌పీ మోటారు కూడా తగిలిస్తానంటారా? అది నడిచేటప్పుడు తినేది 750 వాట్లకు పైనే, స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటు దానికి ఐదారు రెట్లు. ఇన్వర్టరు దానికి తగ్గట్టు ఉండాలి.

లెక్క వేశాక బడ్జెట్ సరిపోకపోతే ఏం చేయాలి? లోడు తగ్గించుకోవాలి. వైరు సన్నం చేయకూడదు, ఫ్యూజు మానేయకూడదు. అప్పు చేసి పప్పుకూడు తినేవాళ్లకి కోరికలన్నీ అవసరాల్లాగే కనిపిస్తాయి. తన అవసరమెంతో అంకెల్లో తెలిసిన మనిషి మాత్రం ధీమాగా బతుకుతాడు. ఈ అలవాటు సోలార్‌తో మొదలైనా ఇంటి ఖర్చుల పుస్తకందాకా పాకుతుంది, చూడండి.

మూడోది దూరదృష్టి. ఇది లంబసింగి ఉదాహరణతో చెబుతాను. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని ఆ ఊళ్లో చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. అక్కడ ఒక గెస్ట్‌హౌసుకి సోలార్ పెట్టారనుకోండి. ప్యానెల్ వెనక స్టిక్కరు మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 49.5 అని ఉంది. మూడు ప్యానెళ్లు వరసగా కలిపితే 148.5. ప్యానెళ్ల కరెంటుని అదుపు చేసి బ్యాటరీకి పంపే చార్జ్ కంట్రోలరు భరించే గరిష్ఠం 150. సరిపోయింది కదా అని బిగించేశారు. విశాఖ మండుటెండలో సరిపోయేదే. కానీ స్టిక్కరు మీది అంకె 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచింది. చలి పెరిగేకొద్దీ ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం. 2 డిగ్రీల చలిలో, అంటే 23 డిగ్రీలు తగ్గితే, 6 శాతం పైగా పెరిగి 157 దాటుతుంది. పొద్దున్నే తొలి ఎండ తగలగానే కంట్రోలరు పోతుంది. వారంటీ కూడా రాదు, ఎందుకంటే హద్దు దాటించింది మనం. రెండేసి ప్యానెళ్లు కలిపినా, 250 వోల్టుల కంట్రోలరు తెచ్చుకున్నా ఈ గొడవే లేదు. అత్యంత చలి రోజున ఎంత వస్తుందో లెక్క కట్టాకే ప్యానెళ్లు కలపమని నియమం చెప్పేది ఇందుకే.

పల్నాడులో రెంటచింతల వాళ్లకి దీనికి తలకిందులు సమస్య. వేసవిలో రేకుల కప్పు మీద, పైపులో, 60 డిగ్రీల వేడిలో పీవీసీ వైరు మోసే కరెంటు సగానికి పడిపోతుంది. దుకాణంలో చెప్పిన ఆంపియర్లు నీడపట్టున కొలిచినవి. మామూలు రోజు చూసి పథకం వేసుకునేవాళ్లు కష్టం వచ్చిన రోజున కంగారుపడతారు. ఏడాదిలో అన్నిటికన్నా చెడ్డ రోజు ఏదో ముందుగా ఊహించి దానికి సిద్ధపడ్డవాళ్లకి మిగతా 364 రోజులూ పండగే. ఉద్యోగానికైనా, పిల్లల చదువుకైనా, ఆరోగ్య బీమాకైనా ఈ లెక్కే పనికొస్తుంది.

బ్యాటరీల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేదీ, ఎక్కువ నష్టం చేసేదీ అదే. 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీని చేత్తో ముట్టుకుంటే షాక్ కొట్టదు. దాంతో అలుసైపోతుంది. కానీ ఒక స్పానరు జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడిందంటే వేల ఆంపియర్లు ఒక్కసారిగా దూకుతాయి. స్పానరు ఎర్రగా కాలి అంటుకుపోతుంది. చేతికి ఉంగరం ఉంటే వేలు పోతుంది. బ్యాటరీ దగ్గర పని చేసేముందు ఉంగరం, కడియం, వాచీ తీసేయాలి. స్పానరు పిడికి టేపు చుట్టాలి. ప్లస్ వైరుకి, టెర్మినల్‌కి వీలైనంత దగ్గరగా, డీసీ రేటింగున్న ఫ్యూజు ఉండి తీరాలి. ఫ్యూజుకీ టెర్మినల్‌కీ మధ్య ఉన్న వైరుకి కాపలా ఎవరూ ఉండరు కాబట్టి అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

చార్జయ్యేటప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీల్లోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. మెట్ల కింద తలుపేసిన అరలో, పూజగదికి ఆనుకుని, వంటింటి మూల బ్యాటరీలు పెట్టడం చూస్తుంటాం. పైన గాలి పోయే దారి, కింద గాలి వచ్చే దారి రెండూ ఉండాలి. దీపం, అగరుబత్తి, స్టవ్వు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. లిథియం అయితే దానికి తగ్గ బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూటు) ఉన్నదే కొనాలి, విడి సెల్స్ తెచ్చి కూర్పించుకోవడం ఇంట్లో చేసే పని కాదు.

వోల్టేజీ ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది. ఇంట్లో 3000 వాట్లు వాడుతుంటే ఇన్వర్టరులో పోయే తరుగు కూడా కలుపుకుని 48 వోల్టుల బ్యాంకు నుంచి దాదాపు 70 ఆంపియర్లు వస్తాయి. అదే 12 వోల్టుల మీద నడపాలంటే 280. కరెంటు నాలుగు రెట్లయితే అదే వైరులో వేడి పదహారు రెట్లు. నాలుగు బ్యాటరీలు ఉన్నప్పుడు వాటిని 48కే కలపండి.

ఆఫ్‌గ్రిడ్ ఇంట్లో ఇంకో చిక్కు ఉంది, బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా దీన్ని మర్చిపోతుంటారు. ఊళ్లో కరెంటుకి న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు. తోటలో మీకు ట్రాన్స్‌ఫార్మర్ లేదు. చాలా ఇన్వర్టర్ల అవుట్‌పుట్ భూమితో సంబంధం లేకుండా తేలుతూ ఉంటుంది. ప్లగ్గులో టెస్టరు పెడితే రెండు రంధ్రాల్లోనూ మిణుకుమిణుకుమంటుంది. అలాంటప్పుడు ఫ్రిజ్ బాడీకి ఫేజు తగిలినా లీకు పసిగట్టి కరెంటు తెంచాల్సిన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పడదు, పైకి ఏమీ తెలీదు. రెండో చోట ఇంకో లీకు వచ్చిన రోజున మనిషికి తగులుతుంది. న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ఒకే ఒక్క చోట కలపాలన్న నియమం దీని కోసమే. అన్ని ఇన్వర్టర్లూ దీన్ని ఒప్పుకోవు కాబట్టి మాన్యువల్ చదివి, తెలిసిన ఇంజనీరుతోనే చేయించండి. ఆర్‌సీసీబీ మీది టెస్టు బటన్ నొక్కితే పడింది కదా అని ధైర్యపడకండి. ఎర్త్ అసలు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. అది చెప్పేది పరికరం బాగుందని, అంతేగానీ మీ ఎర్తింగు బాగుందని కాదు. ఎర్త్ నిరోధం ఎంత ఉందో ఎర్త్ టెస్టరు పెట్టి కొలిపించి, 5 ఓమ్‌ల లోపు ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు ఊరవతల ఎకరాలు కొని ఆఫ్‌గ్రిడ్ ఇళ్లు కట్టుకోవాలని ముచ్చటపడుతుంటారు. అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 690వ ఆర్టికల్ సోలార్‌ది, 710వది గ్రిడ్‌తో పనిలేని ఇళ్లది. గ్రిడ్ వదిలినంత మాత్రాన కోడ్ మనల్ని వదలదు. ఆ కోడ్‌లో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. 2014లో వచ్చింది. ఇంటి కప్పు మీద ప్యానెళ్లుంటే, షట్‌డౌన్ స్విచ్చి నొక్కిన వెంటనే ఆ ప్యానెళ్ల వరస దాటిన వైర్లలో వోల్టేజీ పడిపోవాలి, ఇప్పటి లెక్క ప్రకారం 30 సెకన్లలో 30 వోల్టులకు. ఇంట్లోవాళ్ల కోసం కాదు, మంటలార్పడానికి కప్పెక్కే ఫైర్‌మన్ కోసం. మన పేరు కూడా తెలియని మనిషి ప్రాణాన్ని ముందుగా ఆలోచించిన నియమమది.

ఆ ఆలోచన మన తోట ఇంటికీ కావాలి. మీరు ఊళ్లో లేనప్పుడు పొగ వస్తే తోటమాలి ఏ స్విచ్చి కట్టాలి? పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించండి: "ఇది బ్యాటరీ స్విచ్చి. ముందు దీన్ని కట్టండి." "ఎండ ఉంటే ఈ వైర్లలో కరెంటు ఉంటుంది. ముట్టుకోవద్దు." ఇంటి ఆడవాళ్లకీ, ఎదిగిన పిల్లలకీ చూపించండి, ఒకసారి వాళ్ల చేతే కట్టించండి. రేపు ఎప్పుడో డిస్కం లైను మీ తోటదాకా వచ్చిందనుకోండి, దాన్నీ ఇన్వర్టర్నీ కలగాపులగం చేయకుండా చేంజోవర్ పెట్టించండి. లైను కట్టేసి స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మీ ఇంట్లోంచి కరెంటు ఎదురెళ్లకూడదు. ఆయనకీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లుంటారు.

పల్లెల్లో చదువుకున్న యువతకి ఒక మాట. నల్లమల అడవి పెంటల్లో (గూడేల్లో) ఉండే చెంచుల్లాంటి ఆదిమ గిరిజనుల ఇళ్లకి, కరెంటు లైను చేరలేని చోట ఆఫ్‌గ్రిడ్ సోలార్ ఇచ్చే పథకాన్ని పీఎం జన్‌మన్ కింద కేంద్రం 2024 జనవరిలో ఆమోదించింది. ఉచితంగా వచ్చినదాన్ని ప్రశ్నించడానికి పేదవాడు జంకుతాడు. మీరు వెళ్లి అడగండి. ఫ్యూజు ఎక్కడుంది, ఎర్త్ ఎక్కడుంది, పాడైతే ఎవరొస్తారు అని వాళ్ల తరఫున అడగండి. నాయకత్వ లక్షణాల మీద పది పుస్తకాలు చదివినదానికన్నా ఈ ఒక్క పూట ఎక్కువ నేర్పిస్తుంది.

బిగించడంతో అయిపోదు. కోతులు వైర్లు పీకుతాయి, ఉడతలు కొరుకుతాయి, స్క్రూలు వదులవుతాయి. ప్యానెళ్ల వైర్లని కలిపే ఎంసీ4 కనెక్టర్లు వేరువేరు కంపెనీలవైతే ఒకదాంట్లో ఒకటి దూరినా లోపల సరిగ్గా పట్టుకోవు, మెల్లగా వేడెక్కుతాయి. ఒక నోటుపుస్తకం ఇన్వర్టరు పక్కన వేలాడదీయండి. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ మట్టం, టెర్మినళ్ల మీద తెల్లటి బూజు, నల్లబడ్డ కనెక్టరు, వాసన, ఏం కనిపిస్తే అది తేదీ వేసి రాయండి. లోడు మీద ఉండగా ఎంసీ4 ఊడదీయకండి.

ఇప్పటికే ఆఫ్‌గ్రిడ్ ఇంట్లో ఉంటున్నవాళ్లు ఇది చదవడం ఆపి ఒక్కసారి బ్యాటరీల దగ్గరికి వెళ్లండి. ఏదీ ముట్టుకోవద్దు. ప్లస్ టెర్మినల్ నుంచి బయల్దేరిన లావు వైరు వెంబడి చూస్తూ వెళ్లండి. ఇన్వర్టరు చేరేలోపు ఫ్యూజు కనిపించకపోతే, ఇవాళే పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి పెట్టించుకోండి. రేపటికి వాయిదా వేయకండి.